ఫైర్‌వాల్ పెట్టె తర్వాత కొందువుగాని, ముందు ఆఫీసులో ఏ వైరు ఎక్కడికెళ్తోందో చూడు

తమ్ముడూ, నువ్వడిగింది మొత్తమ్మీద ఇది కదా: మన విశాఖ ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, బుకింగ్ కౌంటర్లు అకౌంట్స్ కలిపి పదిహేను దాకా సిస్టమ్స్, ఒక దాంట్లో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీ డేటా, యార్డులో కెమెరాలు, వైఫై ఒకటే, దాని పాస్‌వర్డ్ డ్రైవర్లకి కూడా తెలుసు. నువ్వు బీకామ్, కంప్యూటర్ కొంచెం తెలుసు కదాని సిస్టమ్స్ అన్నీ నువ్వే చూసుకో అని ఓనర్ గారు నీ నెత్తిన పెట్టేశారు. ఈలోగా ఎవరో వెండర్ వచ్చి ఫైర్‌వాల్ పెట్టె (నెట్ మీద వచ్చేపోయే ట్రాఫిక్‌కి కాపలా కాసేది) పెట్టించుకోండి, పెట్టెకి ఇంత, ఏటేటా లైసెన్సుకి ఇంత అని కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. కొనమంటారా, అసలు నెట్‌వర్క్ గురించి నేను ముందు ఏటి నేర్చుకోవాలి అంటున్నావు.

కొనొద్దు అనను గానీ ఇప్పుడే కొనొద్దంటాను. ఎందుకంటే ఆ పెట్టె కూర్చునేది ఇంటర్నెట్ లైనుకీ మీ స్విచ్‌కీ, అంటే ఆఫీసు కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టెకీ, మధ్యలో. బుకింగ్ కౌంటర్ సిస్టమ్‌లో ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి అక్కణ్ణించి టాలీ సిస్టమ్‌లోకి వైరస్ పాకితే ఆ ట్రాఫిక్ అసలు పెట్టె దాకా రాదు, స్విచ్‌లోనే అటునుంచి ఇటు వెళ్ళిపోతుంది. పైగా ఇవాళ బయటికెళ్ళే ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం హెచ్‌టీటీపీఎస్, అంటే మధ్యలోవాళ్ళు చదవలేని గుప్త లిపిలోకి మారిపోయి (ఎన్‌క్రిప్ట్ అయిపోయి) ఉంటుంది, ప్రతి సిస్టమ్‌లోనూ ఆ పెట్టె సర్టిఫికెట్ వేస్తే తప్ప లోపల ఏముందో దానికి కనపడదు, ఏ సైటుకి వెళ్తున్నారో పేరు మాత్రం కనపడుతుంది. ఈ ముక్క కొటేషన్‌లో ఉండదు. కాబట్టి నేను చెప్పేది ఒకటే, లోపల ఏ సామాను ఏ సామానుతో మాట్లాడగలుగుతోందో ముందు తెలుసుకో, తర్వాత అవసరం లేని మాటలన్నీ ఆపేయి. దీనికి పెద్ద ఖర్చు లేదు, నాలుగైదు ఆదివారాలు కూర్చోవాలి అంతే.

మొదట ఒక నోటుబుక్కు పట్టుకుని ఆఫీసంతా తిరుగు. కంప్యూటర్లు ఎవరికైనా కనపడతాయి, కనపడనివి రాయి. కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్, వేలిముద్ర హాజరు మిషను, నెట్‌వర్క్ ప్రింటర్, ఓనర్ గారి క్యాబిన్‌లో టీవీ, ఎప్పుడో ఎవరో బల్ల కింద పెట్టి మర్చిపోయిన పాత వైఫై రౌటరు, కాటా దగ్గర సిస్టమ్. కాటా సిస్టమ్ గురించి ఇప్పుడే ఒక మాట, దాంట్లో చాలాచోట్ల ఇంకా విండోస్ 7 ఉంటుంది, తూకం సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదని అలాగే వదిలేస్తారు, విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది 2020 జనవరి 14న. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, పొడిగింపు తీసుకోకపోతే ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) రావు. ఏ సిస్టమ్‌లో ఏ విండోస్ ఉందో కూడా ఆ నోటుబుక్కులోనే రాసెయ్.

తిరిగొచ్చాక రౌటర్ పేజీ ఓపెన్ చేసి కనెక్ట్ అయిన సామాను లిస్టు చూడు, నీ నోటుబుక్కుతో సరిపోల్చు. పేరు లేనివి కొన్ని తేలతాయి, కంగారు పడకు, ఫోన్లు ఇప్పుడు నిజం మ్యాక్ అడ్రస్ (సామానుకి ఫ్యాక్టరీలోనే పడే నంబరు) చూపించకుండా ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ అడ్రస్ చూపిస్తాయి, అందుకని ఫోన్లు గుర్తుపట్టడం కష్టం. కానీ వైరుతో తగిలించి ఉండి నీకు తెలీని సామాను ఒక్కటైనా ఉంటే మాత్రం అది ఏంటో తేలేదాకా వదలకు, కేబుల్ పట్టుకుని రెండో కొస దాకా వెళ్ళు.

ఇప్పుడు బేసిక్స్. మీది ట్రాన్స్‌పోర్టు కాబట్టి ఎల్‌ఆర్‌తో (లారీ రసీదుతో) చెప్తే బేగి ఎక్కుతుంది. నువ్వు ఒక ఫోటో పంపితే అది ఒకే ముక్కగా పోదు, చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది, ఒక్కోటి గరిష్ఠంగా 1500 బైట్లు, అంటే 3 ఎంబీ ఫోటోకి రెండు వేల పైచిలుకు ప్యాకెట్లు. ప్రతి ప్యాకెట్ మీదా ఎల్‌ఆర్ మీద ఉన్నట్టే పంపేవాడి అడ్రసు, అందుకునేవాడి అడ్రసు ఉంటాయి, అవే ఐపీ అడ్రసులు. సరుకు విశాఖ నుంచి నాగపూర్ వెళ్ళాలంటే మధ్యలో లారీ మారొచ్చు గానీ ఎల్‌ఆర్ మీద అడ్రసు మారదు కదా, అలాగే ప్యాకెట్ ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా మ్యాక్ అడ్రసు మారిపోతుంది, ఐపీ అలాగే ఉంటుంది (కింద చెప్పే నాట్ దగ్గర తప్ప). సరుకు చేరాక ఆ కంపెనీలో ఏ కౌంటర్‌కి ఇవ్వాలో చెప్పేది పోర్టు నంబరు, వెబ్‌సైటుకి 443, వెబ్‌సైటు పేరు చెప్పి దాని ఐపీ అడిగే డీఎన్ఎస్‌కి 53, విండోస్ ఫోల్డర్ షేరింగ్‌కి 445, దూరం నుంచి ఆఫీసు సిస్టమ్ వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్‌కి 3389. ఈ నాలుగు నంబర్లు గుర్తుంచుకుంటే కింద చెప్పబోయేదాంట్లో సగం అర్థమైపోయినట్టే.

మీ ఆఫీసు లోపలి అడ్రసులు 192.168తో మొదలవుతుంటాయి చూడు, కొన్నిచోట్ల 10తోనో 172.16తోనో ఉంటాయి, అవి బయట ఇంటర్నెట్‌లో చెల్లవు, లోపలి వాడకానికే కేటాయించారు. పాత తరం అడ్రసుల పద్ధతి ఐపీవీ4లో మొత్తం అడ్రసులే 430 కోట్లు, ప్రపంచంలో ఉన్న సామానుకి అవి చాలవు, అందుకే మామూలుగా మీ ఆఫీసు మొత్తానికి బయట ఒక్క పబ్లిక్ అడ్రసే ఉంటుంది, లోపల్నుంచి ఎవరు అడిగినా రౌటర్ పంపేవాడి చోట తన అడ్రసు రాసి పంపి, జవాబొచ్చాక ఎవరిదో చూసి వాళ్ళకి ఇస్తుంది. దీన్నే నాట్ అంటారు. లోపల్నుంచి ఎవరూ అడక్కుండా బయట్నుంచి ఏదైనా వస్తే ఎవరికివ్వాలో తెలీక పారేస్తుంది, దానివల్ల కొంత రక్షణ వచ్చిన మాట నిజమే గానీ నాట్‌నే ఫైర్‌వాల్ అనుకుని కూర్చోకూడదు. కొత్త తరం ఐపీవీ6 వచ్చిన లైన్లలో అయితే మామూలుగా నాట్ ఉండదు, ప్రతి సిస్టమ్‌కీ బయటి అడ్రసే వచ్చేస్తుంది, అక్కడ రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో కచ్చితంగా చూడాలి, చాలామంది ఆ పేజీయే తెరవరు.

ఈ లోపలి అడ్రసులు పంచేది డీహెచ్‌సీపీ, మామూలుగా రౌటర్‌లోనే ఉంటుంది. ఆఫీసులో ఇది ఒక్కటే ఉండాలి. ఎవరో ఒకడు వైఫై అందట్లేదని ఇంట్లో ఉన్న పాత రౌటర్ తెచ్చి దాని లాన్ పోర్టులో ఆఫీసు కేబుల్ గుచ్చుతాడు, అంతే, అది కూడా అడ్రసులు పంచడం మొదలెడుతుంది. పొద్దున్న సిస్టమ్స్ ఆన్ చేస్తే కొన్నింటికి నెట్ వస్తుంది కొన్నింటికి రాదు, ప్రింటర్ కొందరికి దొరుకుతుంది కొందరికి దొరకదు, మధ్యాహ్నం ఇవి బాగై అవి పోతాయి, నెట్ కంపెనీవాణ్ణి తిడతారు, అతనొచ్చి లైను బాగానే ఉంది సార్ అని వెళ్ళిపోతాడు. ఇలాంటి కంప్లయింటు వినగానే నేను అడిగేది ఒకటే, నెట్ రాని సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ (ipconfig /all) కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అన్న లైనులో ఏ అడ్రసు ఉందో చదవమంటాను. అది మీ రౌటర్ అడ్రసు కాకపోతే దొంగ దొరికినట్టే. ఐపీ 169.254తో మొదలైతే అసలు ఎవరూ అడ్రసు ఇవ్వలేదని, అంటే కేబులో స్విచ్చో రౌటర్‌లో డీహెచ్‌సీపీయో పోయి ఉండొచ్చని.

పింగ్ కూడా నేర్చుకో, అవతలి అడ్రసు పలుకుతోందో లేదో చూసే కమాండ్ అది, వరసలో కొట్టాలి. ముందు రౌటర్‌కి, తర్వాత 8.8.8.8కి (గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ అడ్రసు), తర్వాత ఏదైనా వెబ్‌సైటు పేరుకి. రౌటర్‌కే పోకపోతే మీ ఆఫీసులో సమస్య, రౌటర్‌కి పోయి 8.8.8.8కి పోకపోతే లైను సమస్య, రెంటికీ పోయి పేరుకి పోకపోతే డీఎన్ఎస్ సమస్య.

సరే, ఇప్పుడు అసలు విషయానికొద్దాం, బయటికి తెరిచి ఉన్న తలుపులు. మన ఊళ్ళో చిన్న ఆఫీసుల్లో నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం రెండిటి దగ్గరే మొదలయ్యాయి, ఒకటి కెమెరాల డీవీఆర్, రెండోది రిమోట్ డెస్క్‌టాప్.

కెమెరాలు పెట్టినవాడు ఓనర్ గారి ఫోన్లో యార్డు కనపడాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి, అంటే బయట్నుంచి నేరుగా డీవీఆర్‌కి దారి తెరిచి, వెళ్ళిపోతాడు, డీవీఆర్ పాస్‌వర్డ్ అడ్మిన్ అనో 12345 అనో ఉంచేస్తాడు, రేపు సర్వీసుకి వచ్చినప్పుడు వాడికి సులువు మరి. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ వచ్చింది, అది చేసిందల్లా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు వెతికి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు అరవై చిల్లర వరసగా కొట్టి చూడటమే. అలా దొరికినవాటిని పోగేసి 2016 అక్టోబర్ 21న డైన్ (Dyn) అనే డీఎన్ఎస్ కంపెనీ మీద వదిలితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. మా యార్డు కెమెరాలు చూసి ఎవడికేం లాభం అనుకోకు, వాడికి మీ యార్డు అక్కర్లేదు, మీ డీవీఆర్‌లో ఉన్న చిన్న కంప్యూటరూ మీ లైనూ కావాలి, తర్వాత అక్కణ్ణించి లోపలికి దారి.

రిమోట్ డెస్క్‌టాప్ కథ ఇంకా ప్రమాదం. ఓనర్ గారు ఇంటినుంచి టాలీ చూసుకోవాలంటారు, తెలిసిన కుర్రాడెవడో 3389 బయటికి తెరిచేస్తాడు. అలా తెరిచిన పోర్టు మీద పాస్‌వర్డ్‌లు కొట్టే స్క్రిప్టులు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి, ఎవరో కూర్చుని మీ ఆఫీసుని ఎంచుకోనక్కర్లేదు, మొత్తం ఇంటర్నెట్‌ని వరసగా గాలించే ప్రోగ్రాములు ఉన్నాయి. 3389 బదులు ఇంకో నంబరు పెట్టాం కదా అంటారు, అదేం పనికిరాదు, గాలించేవాడు అన్ని నంబర్లూ చూస్తాడు. లోపలికొచ్చాక చేసే పని ఏటంటే, శనివారం రాత్రి వచ్చి ముందు బ్యాకప్‌లు చెరిపి, తర్వాత టాలీ డేటా ఎన్‌క్రిప్ట్ చేసి, సోమవారం పొద్దున్న డబ్బులు కట్టమని నోటు పెట్టడం.

కాబట్టి రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ తెరిచి ఉన్నవన్నీ తీసెయ్, యూపీఎన్‌పీ కూడా ఆఫ్ చెయ్యి, అది ఆన్‌లో ఉంటే లోపల ఉన్న సామాను నిన్ను అడక్కుండానే తలుపు తెరుచుకుంటుంది. రౌటర్ సెట్టింగ్స్ పేజీ బయట్నుంచి తెరుచుకునే ఆప్షన్ ఉంటే అదీ ఆపు. ఓనర్ గారికి టాలీ కావాలంటే వీపీఎన్ పెట్టు, అంటే బయట్నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి, వైర్‌గార్డ్ అని ఉంది, ఉచితం, చాలా రౌటర్లలో ఇప్పుడు అదే వస్తోంది, ఫోన్లో యాప్ వేసి ఒక క్యూఆర్ స్కాన్ చేస్తే అయిపోతుంది. కెమెరాలు కూడా వీపీఎన్ మీదే చూడొచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది, మీ లైనుకి నిజమైన పబ్లిక్ ఐపీ లేకపోవచ్చు. రౌటర్‌లో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ లైనుకిచ్చిన అడ్రసు) చూడు, అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే నెట్ కంపెనీ వాళ్ళే మీ పైన ఇంకో నాట్ పెట్టారని అర్థం, అప్పుడు బయట్నుంచి నేరుగా ఎవరూ రాలేరు, మీరూ రాలేరు. స్టాటిక్ ఐపీకి (మారని పబ్లిక్ అడ్రసుకి) డబ్బులు కట్టాలి, లేదా పబ్లిక్ ఐపీ లేకపోయినా నడిచే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడుకోవాలి. పోర్ట్ ఫార్వార్డింగ్ అన్నీ తీశాక ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద నుంచి మీ పబ్లిక్ ఐపీ కొట్టి చూడు, లాగిన్ పేజీ ఏదీ రాకూడదు.

బయటి తలుపులు అయ్యాయి, ఇక లోపల. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వచ్చినప్పుడు మన రాష్ట్రంలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకి కూడా తగిలిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది, నీకు గుర్తుండకపోవచ్చు. అది పాకింది పైన చెప్పిన 445 మీద, విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న లోపం పట్టుకుని, ఒక్క సిస్టమ్‌కి అంటితే అదే నెట్‌వర్క్‌లో ఉన్న మిగతావాటికి ఎవరూ ఏమీ క్లిక్ చెయ్యకుండానే పాకింది. దానికి ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, దాదాపు రెండు నెలలు ముందు. అప్‌డేట్ వస్తే రీస్టార్ట్ అడుగుతుందని వాయిదా వేస్తూ పోయినవాళ్ళూ, పాత విండోస్ మీద ఉన్నవాళ్ళూ దొరికిపోయారు. మీ కాటా సిస్టమ్ సరిగ్గా ఈ కోవలోది.

అందుకే విడదీయమంటాను. మేనేజ్డ్ స్విచ్ ఒకటి, ఎనిమిది పోర్టులది మూడు నాలుగు వేలలో దొరుకుతుంది, దాంట్లో వీలాన్ చెయ్యొచ్చు, అంటే ఒకే స్విచ్‌ని లోపల వేరువేరు స్విచ్‌లుగా చెయ్యడం. నాలుగు చాలు మీకు. అకౌంట్స్, బుకింగ్ సిస్టమ్స్ ఒకటి, కెమెరాలు, హాజరు మిషను ఒకటి, కాటా ఒక్కటే ఒకటి, వైఫైలో డ్రైవర్లు, పార్టీలు వాడే గెస్టు ఒకటి. కెమెరాల దాన్నుంచి అకౌంట్స్‌కి దారి ఉండకూడదు, కాటాకి ఇంటర్నెట్టే ఉండకూడదు, తూకం బుకింగ్‌కి వెళ్ళాలంటే ఆ ఒక్క సిస్టమ్‌కి ఆ ఒక్క పోర్టుకి మాత్రం దారి పెట్టు. ఇది చెయ్యాలంటే రౌటర్ కూడా వీలాన్ తెలిసినదై ఉండాలి, నెట్ కంపెనీవాళ్ళు ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి తెలీదు, మైక్రోటిక్ కంపెనీ రౌటర్ లాంటిదైతే చేస్తుంది, పాత కంప్యూటర్‌లో రెండో లాన్ కార్డు వేసి ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా చేస్తుంది, అది ఉచితం. నీకు ఇంత ఇప్పుడే వద్దనిపిస్తే కనీసం గెస్టు వైఫై విడిగా పెట్టు, రౌటర్‌లో ఆ ఆప్షన్ ఉంటుంది, లోపలి నెట్‌వర్క్ చూడనివ్వకు అన్న టిక్కు పెట్టడం మర్చిపోకు, ఆ టిక్కు లేకపోతే పేరు మాత్రమే గెస్టు.

వైఫై గురించి పెద్దగా చెప్పేది లేదు. సెక్యూరిటీ రకం దగ్గర డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గానీ డబ్ల్యూపీఏ3 గానీ, పాస్‌వర్డ్ పదహారు అక్షరాలకి తగ్గకుండా, ఆఫీసుది వేరు గెస్టుది వేరు, ఉద్యోగం మానేసినవాడు వెళ్ళిన రోజే మార్పు. పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ బటను ఆఫ్ చెయ్యి, దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 సార్లు ప్రయత్నిస్తే దొరికిపోతుందని 2011లోనే తేలింది. వైఫై పేరు దాచిపెట్టడం, మ్యాక్ ఫిల్టర్ పెట్టడం లాంటివి చేస్తారు కొందరు, వాటితో నీకు పని పెరుగుతుంది తప్ప వచ్చేవాడు ఆగడు.

టాలీ సిస్టమ్ దగ్గర మాత్రం కాసేపు ఆగు. డేటా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి షేరింగ్ చూడు, ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ అని ఉంటే, ఉండే ఉంటుంది, బుకింగ్ కౌంటర్లో ఒక్క సిస్టమ్‌కి రాన్సమ్‌వేర్ తగిలినా ఆ ఫోల్డర్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, ఎందుకంటే ఆ సిస్టమ్‌కి రాసే హక్కు ఉంది కదా. టాలీ వాడే ముగ్గురో నలుగురో ఉంటే వాళ్ళ యూజర్లకే ఇవ్వు, మిగతావాళ్ళకి తీసెయ్. అందరూ అడ్మిన్ అకౌంట్‌లో పని చేస్తుంటే అదీ మార్చు, రోజువారీ పనికి స్టాండర్డ్ యూజర్ చాలు. యాంటీవైరస్ ఏది కొనాలి అని కూడా అడిగావు, నన్నడిగితే విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ని ఆపకుండా అప్‌డేట్‌లో ఉంచితే మీకు చాలు, క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి దాన్ని ఆపేవాడు ఒకడుంటాడు ప్రతి ఆఫీసులో, వాణ్ణి పట్టుకో.

బ్యాకప్ మూడు కాపీలు, రెండు రకాల సామాను మీద, ఒకటి ఆఫీసు బయట, ఇది అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది ఏటంటే ఎప్పుడూ గుచ్చి ఉంచిన యూఎస్‌బీ డ్రైవు బ్యాకప్ కాదు, వైరస్‌కి అది ఇంకో డ్రైవు అంతే. రెండు డ్రైవులు కొను, ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకోటి మార్చి వాడు, రెండోది తీసి ఓనర్ గారింట్లో పెట్టించు. ఓనర్ గారిల్లు గాజువాకలోనే అయితే అది కూడా చాలదు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆటోనగరూ గాజువాకా ఎంవీపీ అని చూడలేదు, ఊరు మొత్తాన్ని ఒకే రోజు కొట్టింది, కరెంటూ లేదు ఫోనూ లేదు. అందుకని మూడోది క్లౌడ్‌లో ఉండాలి, పాస్‌వర్డ్ పెట్టిన జిప్ చేసి అయినా సరే. నెలకోసారి బ్యాకప్‌ని వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి నిన్నటి వోచర్ కనపడుతోందో లేదో అకౌంటెంట్ గారిని చూడమను, రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ ఉన్నట్టు లెక్కెయ్యకు.

మన ఊరి సంగతి ఒకటి బయటి వీడియోల్లో దొరకదు. ఉప్పుగాలికి నెట్ కేబుల్ కొసన ఉండే ఆర్‌జే45 పిన్నులు పచ్చగా పట్టేస్తాయి, బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు మరీను, పోర్టు పక్కన దుమ్ము కూడా తోడు. గిగాబిట్‌కి కేబుల్లో నాలుగు జతల వైర్లూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, ఒక జత పాడైతే చాలాసార్లు నెట్ ఆగదు, చప్పుడు చెయ్యకుండా 100కి పడిపోతుంది, టాలీ నెమ్మదించింది అంటారు, సర్వర్ మార్చాలంటారు. ముందు స్విచ్ మీద ఆ పోర్టు స్పీడు చూడు. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిది అడుగు, చవకవాటిలో లోపల అల్యూమినియం పైన రాగి పూత ఉంటుంది, కెమెరాలకి పీవోఈ మీద, అంటే ఆ నెట్ కేబుల్లోంచే, కరెంటు పంపితే అవి వేడెక్కుతాయి. రాగి కేబుల్ వంద మీటర్లు దాటకూడదు. యార్డు చివర కాటా గదికి ఆరుబయట రాగి లాగి ఉంటే తీయించి ఫైబర్ వేయించు, దూరం గొడవ తీరుతుంది, ఉరుము పిడుగుల కాలంలో అటునుంచి వచ్చే సర్జ్ ఫైబర్ మీద రాదు, లేకపోతే ఒక్క పిడుగుకి అటు కెమెరా ఇటు స్విచ్ రెండూ పోతాయి.

మనుషుల దగ్గరకొస్తే, మీ ఆఫీసుకి వచ్చే మోసం ఎలా ఉంటుందో ఊహించొచ్చు. ఫాస్టాగ్ కేవైసీ ఆగిపోయిందని లింకు, ఈ-వే బిల్లు పోర్టల్ నుంచి అన్నట్టు మెయిలు, పార్టీ బ్యాంకు అకౌంటు మారింది ఇకనుంచి ఇందులో వెయ్యండి అని పాత మెయిల్ కిందే జవాబు. బ్రౌజర్లో తాళం బొమ్మ ఉంది కదా అంటారు, ఆ బొమ్మ ఉంటే మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే, అవతలివాడు దొంగ కాదని కాదు, దొంగ సైటుకి కూడా సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి ఎనీడెస్క్ (మన స్క్రీన్ అవతలివాడి చేతికిచ్చే యాప్) వేసుకోమంటే వెయ్యొద్దని కౌంటర్లో అందరికీ చెప్పు. బ్యాంకు అకౌంటు మారిందంటే ఆ మెయిల్లో ఉన్న నంబరుకి కాకుండా పాత ఇన్‌వాయిసు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగాలి, ఇది రూల్‌గా పెట్టించు ఓనర్ గారితో, నువ్వు చెప్తే వినరు వాళ్ళు. మెయిల్‌కి, బ్యాంకుకి రెండో అంచె ఓటీపీనో యాప్ కోడో పెట్టించు, మెయిల్‌కి మరీ ముఖ్యం, అది పోతే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ దాని మీదే రీసెట్ అవుతాయి.

ఎప్పుడైనా దాడి జరిగితే ముందు ఆ సిస్టమ్ లాన్ కేబుల్ పీకు, వైఫై ఆపు, సిస్టమ్ మాత్రం ఆఫ్ చెయ్యకు, ఫార్మాట్ అసలే చెయ్యకు, ఏం జరిగిందో చెప్పేదంతా దాంట్లోనే ఉంటుంది. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ నిమిషమే ఫోన్, ఎంత బేగి చేస్తే అవతలి అకౌంట్లో డబ్బు ఆపే అవకాశం అంత ఉంటుంది, తర్వాత జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింటు. మీది కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాలు కూడా వర్తిస్తాయి, సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి చెప్పాలి, లాగ్‌లు (సిస్టమ్స్ తమంతట రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచాలి. మీ రౌటర్ లాగ్‌లు ఎన్నాళ్ళు ఉంచుతుందో చూడు, చాలావాటిలో రీస్టార్ట్ చేస్తే పోతాయి.

ఇక ఆ వెండర్. పై పనులన్నీ అయ్యాక అతన్ని పిలిచి నాలుగు విషయాలు అడుగు. లైసెన్సు కట్టకపోతే పెట్టెలో ఏవి ఆగిపోతాయి, ఏవి నడుస్తాయి. హెచ్‌టీటీపీఎస్ తనిఖీ ఆన్ చేస్తే స్పీడు ఎంతకి పడిపోతుంది, బ్రోచర్లో రాసేది అది ఆఫ్‌లో ఉన్నప్పటి స్పీడు అయ్యుంటుంది. వీలాన్‌ల మధ్య ట్రాఫిక్ కూడా దీని గుండానే పోయేలా పెడతాడా. అలర్టు వస్తే ఎవరు చూస్తారు, అతనా, నువ్వా. చివరిదానికి నువ్వే అని సమాధానం వస్తే, పెట్టె డబ్బుల్లోంచి ముందు స్విచ్, రెండు డ్రైవులు, కాటా గదికి ఫైబర్ తీసుకోండి అని ఓనర్ గారికి చెప్పు. అతనే చూస్తానంటే ఎన్ని గంటల్లో స్పందిస్తాడో కొటేషన్‌లో రాయించి అప్పుడు కొనండి. నోటుబుక్కు లిస్టు తయారయ్యాక రౌటర్, స్విచ్ మోడళ్ళు ఇక్కడ పెట్టు, వీలాన్ ఎలా పెట్టాలో దాన్నిబట్టి చెప్తా, పాస్‌వర్డ్‌లూ పబ్లిక్ ఐపీ మాత్రం పెట్టకు.